మన నమ్మకాలకీ మన ఒంటికీ కుదిరే మిడ్‌వైఫ్‌ని హైదరాబాద్‌లో ఎంచుకోవడం ఎలా?

రెండో కాన్పుకి మిడ్‌వైఫ్ దగ్గరికి వెళ్తానని చెప్పిన రోజు మా అత్తమ్మ చాయ్ గ్లాసు చేతిలో అట్లాగే పట్టుకుని, "ఇంత చదువుకుని మంత్రసాని దగ్గరికి పోతానంటవేంది?" అన్నారు. ఆమె భయం ఊరికే వచ్చింది కాదు. మా బావగారు ఊళ్ళో, ఇంట్లోనే పుట్టారు. ఆ రాత్రి ఆమెకి రక్తం ఆగక బండి కట్టి పట్నం తీసుకొచ్చారట. అంత చూసిన మనిషికి, మంత్రసాని అనే మాటని ఇంగ్లీషులో చెప్పినంత మాత్రాన ధైర్యం వస్తుందా?

నా సంగతి వేరు. నా తొలి కాన్పు నగరంలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అయింది. నార్మలే. కానీ 14 గంటల్లో ముగ్గురు సిస్టర్లు డ్యూటీ మారారు, ఒక్కరికీ నా పేరు తెలియదు. మా అమ్మని తలుపు బయటే ఆపేశారు. వెల్లకిలా పడుకోబెట్టారు, ఒక్క మాటైనా చెప్పకుండా కోత పెట్టి కుట్లు వేశారు. బిడ్డ బాగుంది కదా, ఇంకేం కావాలి అని అందరూ అన్నారు. నాకు ఇంకొంచెం కావాలనిపించింది.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 81.5 శాతం. దేశం మొత్తమ్మీద, అన్ని కాన్పులూ కలిపి చూస్తే, 21.5 శాతం. వీటిలో ప్రాణం నిలబెట్టిన ఆపరేషన్లు ఉన్నాయి, ముహూర్తం కోసం చేయించుకున్నవీ ఉన్నాయి. మిడ్‌వైఫ్ అనే మాట మన దగ్గర ఇప్పుడిప్పుడే వినపడటానికి ఈ అంకెలూ ఒక కారణం.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. మనం ఏమడిగినా "సరేనమ్మా, అట్లాగే చేద్దాం" అనే మిడ్‌వైఫ్ దొరికితే నేనైతే అక్కడి నుంచి లేచి వచ్చేస్తాను. ఏది కుదురుతుందో, ఏది కుదరదో, ఏ గీత దాటితే నన్ను డాక్టర్ చేతికి అప్పగిస్తుందో మొదటి రోజే చెప్పే మనిషి కావాలి. కింద రాసినవన్నీ ఆ మనిషిని పట్టుకోవడానికే.

మొదటి మెట్టు: ఎవరు ఎవరో తేల్చుకోండి

మన ఇళ్ళలో మంత్రసాని, పాతబస్తీలో దాయమ్మ అనే మనిషి చేత్తో నేర్చుకున్న విద్యతో కాన్పులు చేసేది. బడిలో నేర్చింది కాదు, లైసెన్సు లేదు. ఆమె ఓపికకి నాకు గౌరవం ఉంది, కానీ ఈ గైడ్ ఆమె గురించి కాదు.

డూలా అనే ఇంకొకరు ఉంటారు. నొప్పుల్లో పక్కన కూర్చుని నడుము రుద్దుతుంది, ఊపిరి ఎలా తీసుకోవాలో చెప్తుంది, ధైర్యం ఇస్తుంది. వైద్యం చేయదు, చేయకూడదు. బిడ్డ గుండె చప్పుడు చూసి నిర్ణయం తీసుకునే బాధ్యత ఆమెది కాదు. చాలామంది డూలాని మాట్లాడుకుని మిడ్‌వైఫ్‌ని మాట్లాడుకున్నాం అనుకుంటున్నారు.

ఇక నర్సులు. జీఎన్‌ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) చదివిన ప్రతి సిస్టర్ రిజిస్ట్రేషన్ మీదా మిడ్‌వైఫ్ అనే మాట ఉంటుంది, ఎందుకంటే ఆ కోర్సు పేరులోనే మిడ్‌వైఫరీ ఉంది. దానర్థం ఆమె మొదటి నుంచి చివరి దాకా కాన్పు తన బాధ్యత మీద చేస్తుందని కాదు. మనం వెతికేది నర్సింగ్ తరవాత మిడ్‌వైఫరీలో విడిగా శిక్షణ తీసుకున్న ప్రొఫెషనల్ మిడ్‌వైఫ్‌ని. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ హోదాని నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అన్నారు. శిక్షణ 18 నెలలు. మన రాష్ట్రం అంతకు ముందే, 2017లో, యునిసెఫ్‌తోనూ, మన నగరంలో ప్రసూతి ఆసుపత్రులు నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్‌తోనూ కలిసి కరీంనగర్‌లో 30 మంది నర్సులతో ఈ శిక్షణ మొదలుపెట్టింది. ఫెర్నాండెజ్ వాళ్ళు తమ దగ్గర 2011 నుంచే మిడ్‌వైఫ్‌లని తయారు చేస్తున్నారు.

"మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏది వచ్చినా పట్టాలి" అంటారు కదా. ఇప్పటి మిడ్‌వైఫ్ ఆ సామెతకి ఎదురు. ఏది వచ్చినా పట్టదు. ఏది తన పని కాదో గుర్తుపట్టడం ఆమె చదువులో సగం. ఫోర్సెప్స్ (బిడ్డ తలని పట్టి లాగే పట్టుకారు) పెట్టదు, ఆపరేషన్ చేయదు, వెన్నులో మత్తు ఇవ్వదు. ఆరోగ్యంగా ఉన్న తల్లి, తల కిందికి తిరిగిన ఒక్క బిడ్డ, నెలలు నిండిన కాన్పు: ఇదీ ఆమె పొలం. గట్టు అవతల డాక్టర్ పొలం.

రెండో మెట్టు: మన ఫైలు మనమే చదువుకోవాలి

ఎవరినైనా కలవక ముందు ఒక సాయంత్రం రిపోర్టులన్నీ మంచం మీద పరుచుకుని కూర్చోండి. ఒక తెల్ల కాగితం తీసుకుని ఈ కిందివి రాయండి.

బీపీ ఎంత ఉంటోంది? 140/90 ఒక్కసారి దాటినా తారీఖుతో రాయండి. హిమోగ్లోబిన్ ఎంత? 11 కంటే తక్కువైతే రక్తహీనత కింద లెక్క. 7 కంటే తక్కువైతే అది మిడ్‌వైఫ్ చేతిలో ఉండే విషయం కాదు. గ్లూకోజ్ నీళ్ళు తాగించి రెండు గంటల తరవాత తీసే షుగర్ పరీక్ష చేయించారా? 75 గ్రాముల గ్లూకోజ్ తాగాక 140 కానీ ఆ పైన కానీ వస్తే గర్భిణీ షుగర్ అంటారు. ఈ పరీక్ష మొదట్లో ఒకసారి, మళ్ళీ 24 నుంచి 28 వారాల మధ్య ఒకసారి చేస్తారు. రెండోది చాలామంది వదిలేస్తారు, మొదటిది బాగానే వచ్చింది కదా అని. నాకు మొదటిది బాగానే వచ్చింది. రెండోది 146.

బ్లడ్ గ్రూపు నెగెటివా? అయితే 28వ వారం చుట్టుపక్కల, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల లోపల, యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి. థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారా, చివరిసారి పరీక్ష ఎప్పుడు? మాయ కిందికి ఉందని స్కాన్‌లో రాశారా? కవలలా? ముందు కాన్పులో రక్తం ఎక్కువ పోయిందా? ఫిట్స్, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నాయా?

ముందు ఆపరేషన్ అయినవాళ్ళ గురించి విడిగా చెప్పాలి. ఈసారి నార్మల్ కావాలనుకోవడం తప్పు కాదు, చాలామందికి అవుతుంది కూడా. కానీ పాత కుట్టు దగ్గర గర్భసంచి విచ్చుకునే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది. అది జరిగితే నిమిషాల్లో థియేటర్‌లో ఉండాలి. కాబట్టి మీకు కావాల్సింది థియేటర్, మత్తు డాక్టర్, రక్తం ఒకే కప్పు కింద ఉన్న ఆసుపత్రిలో, డాక్టర్‌తో కలిసి పనిచేసే మిడ్‌వైఫ్. ఇంట్లో చేయిస్తానని ఎవరైనా అంటే ఆ మాట అక్కడితో ఆపేయండి.

ఈ కాగితం చూశాక మీరు మూడు గుంపుల్లో ఒక దాంట్లో పడతారు. ఏ ఇబ్బందీ లేనివాళ్ళు మిడ్‌వైఫ్ చేతుల్లోనే మొత్తం కాన్పు చేయించుకోవచ్చు. నాలాగా అదుపులో ఉన్న షుగరో, థైరాయిడో ఉన్నవాళ్ళకి మిడ్‌వైఫ్, డాక్టర్ ఇద్దరూ కావాలి. మూడో గుంపుకి డాక్టర్ ముందుండాలి. అప్పుడు కూడా పక్కన మిడ్‌వైఫ్ ఉంటే మంచిదే. ఏ గుంపో మీరే ఖాయం చేసేసుకోకుండా డాక్టర్‌తో ఒకసారి మాట్లాడండి. డబ్బు పెట్టలేని వాళ్ళకి ప్రతి నెల 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులని డాక్టర్లు ఉచితంగా చూస్తారు.

మూడో మెట్టు: నమ్మకాల కాగితం

ఇది కొంచెం మొహమాటం పెట్టే పని. నమ్మకం అంటే దేవుడొక్కటే కాదు. నా ఒంటి మీద ఎవరు చెయ్యి వేయాలి, గదిలో ఎవరుండాలి, నొప్పికి మందు తీసుకోవాలా వద్దా, బిడ్డ నోట్లో మొదట ఏం పడాలి, ఇవన్నీ నమ్మకాలే.

నేను మూడు వరసలు గీశాను. నాకు తప్పనిసరి. ఉంటే బాగుంటుంది. ఇంట్లోవాళ్ళ కోసం. మూడో వరస రాస్తున్నప్పుడు నవ్వొచ్చింది, ఎందుకంటే అదే అన్నిటికన్నా పొడుగ్గా వచ్చింది.

మగ డాక్టర్ గదిలోకి రాకూడదు అన్నది చాలామందికి తప్పనిసరి. దాన్ని మిడ్‌వైఫ్‌తో ఇలా మాట్లాడాలి: "మామూలుగా ఆడవాళ్ళే చూస్తారు కదా? ఎమర్జెన్సీలో డ్యూటీలో మగ డాక్టరో, మగ మత్తు డాక్టరో ఉంటే ఏం చేస్తారు?" నిజాయితీ ఉన్న మనిషి రాత్రి రెండింటికి మత్తు ఇచ్చేది ఎవరో తాను హామీ ఇవ్వలేనని చెప్తుంది, ఒంటి మీద బట్ట తొలగకుండా చూసే హామీ మాత్రం ఇస్తుంది. మా పక్క ఫ్లాట్ ఆపా తన మిడ్‌వైఫ్‌తో బిడ్డ చెవిలో అజాన్ గురించి ముందే మాట్లాడుకుంది. బిడ్డని తల్లి ఛాతీ మీద పడుకోబెట్టి ఉండగానే తండ్రి వంగి అజాన్ చెప్పాడు, తూకం ఆ తరవాత చూశారు. ఎవరి పనీ ఆగలేదు. ప్రార్థన చేయించుకోవడం, తాయెత్తు తీయకుండా ఉంచడం, మాయని ఇంటికి తీసుకెళ్ళి పాతిపెట్టడం, ఇలాంటివి ఏ ఆసుపత్రిలో కుదురుతాయో ఏ ఆసుపత్రిలో కుదరవో ముందే తేల్చుకోండి. నొప్పుల మధ్యలో తేల్చుకునేవి కావు ఇవి.

కొన్ని నమ్మకాలు ఆరోగ్యానికి అడ్డం పడతాయి. అక్కడే మిడ్‌వైఫ్ ఎలాంటిదో తెలుస్తుంది.

తేనె సంగతి చూడండి. పుట్టిన బిడ్డకి తేనె నాకించడం మా ఇంట్లో ఆనవాయితీ. ఏడాది నిండని బిడ్డకి తేనెలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి వల్ల ప్రాణం మీదికి రావచ్చు, కాబట్టి వద్దు. ముర్రుపాలు పిండి పారబోయడం ఇంకొకటి. ఆ చిక్కటి పసుపు పాలు మొదటి గంటలోనే పట్టాలి. బొడ్డు మీద పసుపో, బూడిదో పెట్టడం కూడా వద్దు, ఆరనిస్తే చాలు. మంచి మిడ్‌వైఫ్ వీటిని విని మొహం చిట్లించదు. మా మిడ్‌వైఫ్ మా అత్తమ్మతో, "అమ్మా, నాకించేది తేనె కాకుండా ముర్రుపాలైతే? మీ వేలితోనే, మీ చేత్తోనే" అన్నది. ఆమె వేలితోనే రెండు చుక్కలు పెట్టించింది. అత్తమ్మకి ఆనవాయితీ నిలిచింది, మాకు బిడ్డ నిలిచింది.

ముహూర్తం గురించి కూడా రాయాలి, హైదరాబాద్‌లో రాయకుండా కుదరదు. నొప్పులు వచ్చే వేళ పంచాంగం చూడదు. మంచి నక్షత్రంలో పుట్టించాలంటే 38వ వారంలో ఆపరేషన్‌కి తారీఖు తీసుకోవాలి, అది మిడ్‌వైఫ్ దారి కాదు. మీ ఇంట్లో ముహూర్తం తప్పనిసరి వరసలో ఉంటే ఆ సంగతి మొదటి నెలల్లోనే ఇంట్లో తేల్చుకోండి. తొమ్మిదో నెలలో మిడ్‌వైఫ్ నెత్తిన పెట్టకండి.

రక్తం ఎక్కించుకోకూడదన్న మత విశ్వాసం ఉన్నవాళ్ళు మొదటి భేటీలోనే చెప్పి రాతలో పెట్టించాలి, డాక్టర్‌తో కూడా మాట్లాడాలి. ఆ ఒక్క మాటతో ఎక్కడ కాన్పు చేయించుకోవాలన్నదే మారిపోవచ్చు.

నాలుగో మెట్టు: ఎక్కడ వెతకాలి

ప్రభుత్వం వైపు నుంచి మొదలుపెడితే, పేట్లబుర్జు, కోఠి సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రులు అందరికీ తెలిసినవే. అక్కడ ఓపీలో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "శిక్షణ తీసుకున్న మిడ్‌వైఫ్‌లు ఇక్కడ ఉన్నారా, వాళ్ళ గది ఎక్కడ?" జనం ఎక్కువ, మీకు నచ్చిన మనిషినే ఇమ్మని అడిగే వీలు తక్కువ. కానీ కాన్పు ఉచితం, పక్కనే థియేటర్, రక్తం ఉంటాయి. దగ్గర్లో ఉన్న బస్తీ దవాఖానా ఏఎన్‌ఎంని, ఆశా వర్కర్‌ని అడిగినా ఏ ఆసుపత్రిలో ఎవరున్నారో చెప్తారు. వాళ్ళకి తెలిసినంత గూగుల్‌కి తెలియదు.

ప్రైవేటులో బొగ్గులకుంటలో 1948లో మొదలైన ఫెర్నాండెజ్ ఆసుపత్రి పేరు ఎక్కువ వినిపిస్తుంది. ఇవి కాక నగరంలో సహజ ప్రసవ కేంద్రాలని చెప్పుకునేవి కొన్ని ఉన్నాయి. బోర్డు మీద సహజం అని రాసి ఉన్నంత మాత్రాన లోపల మిడ్‌వైఫ్ ఉందని కాదు. రీల్స్‌లో గులాబీ రేకులు వేసిన నీళ్ళ తొట్టి చూసి అపాయింట్‌మెంట్ తీసుకోకండి. ఆ తొట్టి పక్కన బిడ్డకి ఊపిరి పట్టించే సామాను ఉందో లేదో రీల్‌లో కనపడదు.

అన్నిటికన్నా పనికొచ్చేది, గత ఏడాదిలో అక్కడ కాన్పయిన ఇద్దరు తల్లులతో మాట్లాడటం. అందులో ఒకరు అనుకున్నట్టు కానివాళ్ళు, అంటే మధ్యలో ఆపరేషన్‌కి వెళ్ళినవాళ్ళు అయి ఉండాలి. అంతా సవ్యంగా జరిగినప్పుడు అందరూ మంచివాళ్ళే. సవ్యంగా జరగనప్పుడు ఆ మిడ్‌వైఫ్ ఎట్లా ఉంది, థియేటర్ దాకా చెయ్యి పట్టుకుని వచ్చిందా, మర్నాడు వచ్చి పలకరించిందా అని అడగండి.

ఐదో మెట్టు: కాగితాలు

పొట్టిగా చెప్తాను. తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, అది ఇప్పుడు చెల్లుబాటులో ఉందా లేదా, మిడ్‌వైఫరీ శిక్షణ ఎక్కడ ఎన్ని నెలలు, సొంతంగా ఎన్ని కాన్పులు చేసింది, ఇప్పుడు ఏ ఆసుపత్రి కింద పనిచేస్తోంది. విదేశీ సర్టిఫికెట్ చూపిస్తే మంచిదే, కానీ ఇక్కడి రిజిస్ట్రేషన్ కూడా అడగండి. ఇవి అడిగినందుకు నొచ్చుకునే మనిషితో ముందుకు వెళ్ళకండి.

ఆరో మెట్టు: మొదటి భేటీ

నేను ముగ్గురిని కలిశాను. మొదటావిడ 20 నిమిషాల్లో 18 నిమిషాలు తానే మాట్లాడింది. రెండో ఆవిడ నా షుగర్ రిపోర్టు చూడకుండానే, "నెగెటివ్‌గా ఆలోచించకండి, శరీరానికి అన్నీ తెలుసు" అన్నది. నా శరీరానికి 146 అనే అంకె తెలుసో లేదో నాకు అనుమానమే.

మూడో ఆవిడ ముందు చేతులు కడుక్కుని, అరచేతులు ఒకదానికొకటి రుద్ది వెచ్చ చేసుకుంది. "చెయ్యి వేయొచ్చా అమ్మా?" అని అడిగింది. పొట్ట మీద రెండు చేతులూ పెట్టి నెమ్మదిగా జరుపుతూ, "ఇదిగో వీపు, ఎడమ పక్కన. ఇక్కడ తన్నేది కాళ్ళు. తల ఇంకా పైనే ఉంది, టైముంది కదా" అన్నది. నా చెయ్యి తీసుకుని బిడ్డ వీపు మీద పెట్టింది. తొలి కాన్పులో తొమ్మిది నెలలు స్కాన్ తెర మీదే చూశాను కానీ వీపు ఎటుందో ఎవరూ నా చేతికి చూపించలేదు. తరవాత ఫైలు మొదటి పేజీ నుంచి చదివింది. చదివి, "షుగర్ తిండితో అదుపులో ఉంటే నేను చూస్తాను. ఇన్సులిన్ మొదలైతే మన డాక్టర్ మేడం ముందుంటారు, నేను పక్కనుంటాను. అది మీకు సరేనా?" అన్నది. నేను అడగాలనుకున్న ప్రశ్నకి ఆమే జవాబు చెప్పేసింది.

అందరికీ ఇంత సులువుగా దొరకదు కాబట్టి అడగాల్సినవి రాస్తున్నాను. మొదటిది, అన్నిటికన్నా ముఖ్యమైనది: "ఏయే సందర్భాల్లో నన్ను డాక్టర్‌కి అప్పగిస్తారు?" జవాబులో బీపీ, ఉమ్మనీరు పచ్చగా రావడం, బిడ్డ గుండె చప్పుడు పడిపోవడం, నొప్పులు ముందుకు సాగకపోవడం, రక్తం ఎక్కువ పోవడం వినపడాలి. "అవసరమైతే చూద్దాం" అనే జవాబు జవాబు కాదు.

తరవాత, నొప్పుల్లో గుండె చప్పుడు ఎంతసేపటికోసారి వింటారు? మొదటి దశలో 15 నుంచి 30 నిమిషాలకోసారి, ముక్కే దశలో 5 నిమిషాలకోసారి అన్నది మామూలు లెక్క. గర్భసంచి ముఖద్వారం ఎంత తెరుచుకున్నాక అసలు నొప్పులు మొదలైనట్టు లెక్క వేస్తారు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 నుంచి 5 సెంటీమీటర్లు అంటోంది. 3 సెంటీమీటర్లకే గడియారం చూసి తొందర పెట్టే చోట ఆపరేషన్ దగ్గరవుతుంది. నడవనిస్తారా, పక్కకి తిరిగి, మోకాళ్ళ మీద, గొంతుకూర్చుని కనొచ్చా? నార్మల్ కాన్పులో కింద పెట్టే కోత ఎప్పుడు పెడతారు? ప్రతి ఒక్కరికీ పెట్టడం అవసరం లేదన్న జవాబు రావాలి. బొడ్డు తాడు కనీసం ఒక నిమిషం ఆగి కోస్తారా? నాతో లోపల ఎవరుండొచ్చు? నాకు నొప్పి తట్టుకోలేక ఎపిడ్యూరల్ (వెన్నులో ఇచ్చే మత్తు) కావాలనిపిస్తే మీరు ఏమనుకుంటారు? ఈ చివరి ప్రశ్నకి కొందరి మొహం మారుతుంది. గమనించండి.

ఇంకో చిన్న ప్రశ్న ఉంది, నాకు ఒక నర్సు స్నేహితురాలు నేర్పింది: "ఆక్సిటోసిన్ ఎక్కడ పెడతారు?" బిడ్డ పుట్టిన వెంటనే తల్లికి రక్తం ఎక్కువ పోకుండా 10 యూనిట్లు ఇచ్చే ఇంజెక్షన్ అది. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. మే నెలలో, కరెంటు పోయే ఊళ్ళో, బ్యాగులో మోసుకు తిరిగిన మందు పనిచేస్తుందని నమ్మకం లేదు. అడగ్గానే లేచి ఫ్రిజ్ తలుపు తీసి చూపించిన చోట నాకు సగం టెన్షన్ తగ్గింది.

అబ్బాయా అమ్మాయా చెప్పేస్తాను అనే మనిషి గది నుంచి వెంటనే బయటికి రండి. 1994 చట్టం ప్రకారం అది నేరం. చట్టాన్ని లెక్కచేయని మనిషి మిగతా నియమాలని లెక్కచేస్తుందని అనుకోలేం.

ఏడో మెట్టు: దారి

హైదరాబాద్‌లో దూరాన్ని కిలోమీటర్లలో కొలవకూడదు. ఉప్పల్ నుంచి బంజారాహిల్స్‌కి తెల్లవారుజామున మూడింటికి ఒక దూరం, సాయంత్రం ఏడింటికి ఇంకో దూరం. మీకు నచ్చిన మిడ్‌వైఫ్ ఉన్న చోటికి రెండు వేళల్లోనూ ఒక్కోసారి వెళ్ళి చూడండి. నెలలు నిండే తారీఖు గణేశ్ నిమజ్జనం రోజుల్లో పడుతుంటే ట్యాంక్‌బండ్ చుట్టూ, పాతబస్తీ నుంచి వచ్చే దారుల్లో ఎటు వెళ్ళాలో ముందే ఆలోచించుకోండి. మా వదినకి నొప్పులు సరిగ్గా ఆ రాత్రే వచ్చాయి. మండపాల మధ్య నుంచి 108 బండి వెళ్తుంటే పిల్లలే తాళ్ళు పట్టుకుని దారి ఇచ్చారట. అందరికీ అట్లా కలిసి రాదు.

రెండో దూరం మిడ్‌వైఫ్ గది నుంచి థియేటర్ దాకా. అదే అంతస్తులో ఉందా, పక్క బిల్డింగా, వేరే ఆసుపత్రా? వేరే ఆసుపత్రి అయితే ఆ ఆసుపత్రితో రాతపూర్వక ఒప్పందం ఉందా, ఇంతకు ముందు ఎవరినైనా పంపారా, ఎంతసేపు పట్టింది? ఇంట్లో కాన్పు చేస్తామనేవాళ్ళ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను: ఈ నగరంలో, ఈ ట్రాఫిక్‌లో నేను ఒప్పుకోను. పుట్టిన బిడ్డ ఊపిరి తీయకపోతే సాయం మొదటి నిమిషంలోనే అందాలి. మూసాపేట సిగ్నల్ దగ్గర ఒక నిమిషం ఎంతో మనకి తెలుసు.

ఆమె సెలవులో ఉంటే ఎవరు చూస్తారన్నది కూడా అడగండి. ఆ రెండో మనిషిని ఒక్కసారైనా కలవండి.

ఎనిమిదో మెట్టు: డబ్బు

ప్యాకేజీ అంటే ఏమేం వస్తాయో కాగితం మీద రాయించుకోండి. నార్మల్ ప్యాకేజీలో ఉండగా ఆపరేషన్ అయితే బిల్లు ఎంతవుతుంది, బిడ్డని ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూలో) పెడితే రోజుకి ఎంత, కాన్పు తరవాత ఇంటికి వచ్చి చూసే విజిట్లు లెక్కలో ఉన్నాయా, మీ ఇన్సూరెన్స్ మిడ్‌వైఫ్ ఫీజు ఇస్తుందా. ఇవి మా ఆయన అడిగారు, నాకు ఓపిక లేదు.

తొమ్మిదో మెట్టు: పుట్టిల్లు, అత్తిల్లు

మనకి తొలికాన్పు పుట్టింట్లో. ఏడో నెలలో శ్రీమంతం చేసి నల్గొండకో, వరంగల్‌కో తీసుకెళ్తారు. అంటే హైదరాబాద్‌లో ఆరు నెలలు చూసిన మిడ్‌వైఫ్ కాన్పుకి ఉండదు. చూసిన మనిషే కాన్పు చేయడంలోనే మిడ్‌వైఫ్ విలువ ఎక్కువ. కాబట్టి ఇదేదో మొదట్లోనే తేల్చండి: అమ్మే మీ ఇంటికి వచ్చి ఉంటుందా, లేక మీరు వెళ్ళే ఊళ్ళోనే ఐదో నెల నుంచి చూపించుకుంటారా? మా అమ్మ వచ్చి మూడు నెలలు మా ఇంట్లో ఉంది. అత్తమ్మకి మొదట కొంచెం మనసు కష్టపడింది, తరవాత ఇద్దరూ కలిసి కాయం ఉండలు చేస్తూ నా గురించే మాట్లాడుకున్నారు.

భయపడే పెద్దవాళ్ళని వాదించి గెలవలేరు. మిడ్‌వైఫ్ దగ్గరికి ఒకసారి తీసుకెళ్ళండి. మా అత్తమ్మ వచ్చి, ఆనాటి రాత్రి సంగతి మొత్తం చెప్పి, "రక్తం ఆగకపోతే ఏం జేస్తవ్ బిడ్డా?" అని అడిగారు. ఆమె సూదులు, సెలైన్లు ఉన్న ట్రే తెచ్చి ఒక్కొక్కటీ చేతికిచ్చి చూపించింది, థియేటర్ తలుపు దాకా నడిపించుకు వెళ్ళింది. ఆటోలో తిరిగొచ్చేటప్పుడు అత్తమ్మ, "మంచిదే పిల్ల" అన్నారు, అంతే.

పదో మెట్టు: రాతలో పెట్టడం, అవసరమైతే మారడం

34, 36 వారాల మధ్య నమ్మకాల కాగితాన్ని ఒక్క పేజీకి కుదించి మిడ్‌వైఫ్‌తో కూర్చుని చదివించండి. కుదరనివి ఆమెతోనే కొట్టేయించండి. ఇద్దరూ సంతకం పెట్టి ఒక కాపీ ఫైల్లో ఉంచండి. 36వ వారానికి బిడ్డ తల కిందికి తిరిగిందో లేదో చూస్తారు. తిరగకపోతే ప్లాన్ మారుతుంది.

మధ్యలో మనసు విరిగితే మారొచ్చు. ఫోన్ ఎత్తకపోవడం, అడిగిన ప్రశ్నని నవ్వి దాటేయడం, బీపీ పెరిగినా స్కాన్ వద్దనడం, మందులన్నీ విషమని చెప్పడం, మీ పూజనో నమాజునో చులకన చేయడం, వీటిలో ఏ ఒక్కటి చాలు. మొహమాటపడి ఉండిపోవద్దు. ఫైలు మీది, అడిగి తీసుకోండి. కానీ 36 వారాలు దాటాక కొత్తవాళ్ళని వెతకడం కష్టం, కాబట్టి అనుమానం వస్తే ముందే కదలండి.

కళ్ళు బైర్లు కమ్మడం, తీవ్రమైన తలనొప్పి, రక్తం కనపడటం, బిడ్డ కదలికలు తగ్గడం వంటివి ఉంటే మిడ్‌వైఫ్ ఫోన్ కోసం ఎదురుచూడకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

కాన్పయ్యాక

బాలింతని చూడటానికి ఎన్నిసార్లు వస్తారో ముందే రాయించుకున్నాం కాబట్టి మా మిడ్‌వైఫ్ మూడో రోజు, ఏడో రోజు వచ్చింది. మూడో రోజు రొమ్ములు రాళ్ళలా గట్టిపడి నేను ఏడుస్తుంటే ఆమె వేడినీళ్ళ గుడ్డ పిండి పెట్టి, బిడ్డ గడ్డం రొమ్ముకి ఆనేలా కొంచెం జరిపింది. అంతే, బిడ్డ గుటకలు వినపడ్డాయి. సాంబ్రాణి పొగ గురించి అత్తమ్మ అడిగితే, "తల్లి జుట్టుకి వేసుకోండి, బిడ్డకి మాత్రం గది అవతల" అన్నది. ఆరో వారంలో షుగర్ పరీక్ష మళ్ళీ చేయించుకోమని ఫైలు మీద ఎర్ర పెన్నుతో రాసింది. గర్భిణీ షుగర్ వచ్చినవాళ్ళు ఈ పరీక్ష మర్చిపోకండి, తరవాత అసలు షుగర్ వచ్చే అవకాశం మనకి ఎక్కువ.

పుట్టిన 21 రోజుల లోపల జననం నమోదు కావాలి. ఆసుపత్రిలో అయితే వాళ్ళే పంపుతారు, పంపారో లేదో డిశ్చార్జి రోజే అడగండి. బారసాల దాకా ఆగక్కర్లేదు, పేరు తరవాత చేర్పించుకోవచ్చు.